దండ వేసిన పటంతో ఉట్నూరు దాకా

కరీంనగర్ నుంచి ఉట్నూరు పోదామనుకునే ఆడవాళ్లకు ముందుగా నాలుగు మాటలు. ఆధార్ కార్డు మరిచిపోకండి. అది ఉంటే ఎక్స్‌ప్రెస్ బస్సు దాకా టికెట్టు డబ్బులు అడగరు. నేరుగా పోయే బస్సు కోసం బస్టాండులో గంటలు గంటలు కూర్చోవద్దు, లక్సెట్టిపేటలో మారితే తొందరగా చేరుకుంటారు. పొద్దున పోయేవాళ్లు ఎడమ పక్క కిటికీ చూసుకుంటే మొహం మీద ఎండ పడదు. సద్ది కట్టుకుని పోండి, దారిలో హోటళ్ల నూనె మంచిది కాదు. ఈ జాగ్రత్తలన్నీ నాకు చేతనవును. చేతకానిది వేరే ఉందని ఆ రోజు తెలిసింది.

మా ఆయన మల్లయ్య పెళ్లికి ముందు సైన్యంలో పనిచేశాడు. దారులు వేయడం, వంతెనలు కట్టడం, శత్రువు వస్తున్నాడంటే ఆ వంతెనలనే పేల్చేయడం ఆయన దళం పని. బంగ్లా యుద్ధం అయ్యాక ఇంటికి వచ్చి నన్ను చేసుకున్నాడు. యుద్ధం ముచ్చట ఇంట్లో తెచ్చేవాడు కాదు. ఎప్పుడైనా గుచ్చి గుచ్చి అడిగితే, "పిడి నా కాడనే ఉండేది" అని ఊరుకునేవాడు. వంతెన పేల్చే పెట్టె ఒకటి ఉంటుందని, దాని పిడి తిప్పితే దూరాన మందుగుండు పేలుతుందని మాత్రం చెప్పాడు. మిగతాది నేనే అల్లుకున్నాను.

నిరుడు ఎండాకాలంలో ఆయన పోయాడు. గోడకు పెట్టడానికి ఫోటో చూస్తే పళ్లూడిన ముసలి ఫోటోలే ఉన్నాయి. నాకవి నచ్చలేదు. ఆయన ట్రంకు పెట్టె అడుగున పోస్టుకార్డంత ఫోటో ఒకటి దొరికింది. వెనక వంతెన ఉంది, ముందు ముగ్గురు సిపాయిలు ఉన్నారు. ఒకతను మోకాళ్ల మీద పెట్టె పెట్టుకుని ఇటు చూస్తున్నాడు, టోపీ నీడ మొహం మీద పడింది. ఒకతను తీగ చుట్ట మీద వంగి ఉన్నాడు. మూడో అతను మనకు వీపు పెట్టి వంతెన వైపు నడిచిపోతున్నాడు. పెట్టె పక్కన పిడిలాంటిది కనిపించింది. పిడి ఉన్నవాడే మా ఆయన అనుకున్నాను. స్టూడియో అతను "ఈయనేనా అమ్మా" అని అడిగితే, "పెట్టె కనవడ్తలేదా?" అన్నాను. ఆ ఒక్క మనిషినే కంప్యూటర్లో కత్తిరింపించి పెద్దది చేయించి, అద్దం కట్టించాను. ఏటేటా కొనక్కర్లేకుండా ప్లాస్టిక్ దండ వేశాను. రాలిపోకుండా కుంకుమలో కాస్త నూనె కలిపి అద్దం మీద బొట్టు పెట్టాను. పైన సున్నా బల్బు వెలిగించాను. చనిపోయిన పెద్దలకు పెట్టుకునే పెత్రమాస నాడు ఆ పటం ముందు అన్నం, మాంసం, చిన్న గిలాసలో కల్లు పెట్టి దండం పెట్టుకున్నాం.

మా కోడలు సుజాత అప్పుడే అన్నది. "అత్తమ్మా, మామ చెవులు గిట్ల లేకుండె. బయటికుండె."

"నువ్వు జూసింది ముసలి చెవులు. వయసు మీద పడ్డంక చెవులు పెరుగుతయి, నీకేం ఎరుక?" అన్నాను.

ఈ ఏడు పెత్రమాస వారం రోజులుందనగా మా ఆడబిడ్డ వచ్చి కూర్చున్నప్పుడు సుజాత మళ్లీ అదే మాట అన్నది. ఆడబిడ్డ పటం వంక చూసి, నా వంక చూసి, నవ్వింది. ఆ నవ్వు నాకు ముల్లులా గుచ్చుకుంది. మా ఆయనతో అదే దళంలో పనిచేసిన ఖాజా మియా అనే ఆయనది ఉట్నూరు. బతికే ఉన్నాడని, విత్తనాల వ్యాపారం చేసే మనిషి ఒకరు చెప్పారు. సరే, పటం పట్టుకుపోయి ఆయన నోటితో "గీయనే మల్లయ్య" అనిపించి కోడలి నోరు మూయించాలని బయలుదేరాను. తన చెవులతో తను వినాలని కోడల్ని కూడా వెంటబెట్టుకున్నాను.

పొద్దున ఆరింటికి బస్టాండులో ఉన్నాం. లక్సెట్టిపేట బస్సు ఆరున్నరకు కదిలింది. నేను ఎడమ కిటికీ దగ్గర కూర్చుని, పటాన్ని పాత తువ్వాలలో చుట్టి ఒడిలో పెట్టుకున్నాను. సుజాత సద్ది సంచితో నడవ పక్కన కూర్చుంది. చొప్పదండి దాటాక వరి పొలాలు పచ్చగా మొదలయ్యాయి, గట్ల మీద మోటారు డబ్బాలు కనిపించాయి. అవి చూస్తే మా ఆయన మీద పాత కోపం గుర్తొచ్చింది. బావిలో మోటారు చెడితే దిగేముందు పైన డబ్బాలోని ఫ్యూజులు పీకి, అంగీ జేబులో వేసుకుని దిగేవాడు. గట్టు మీద పెళ్లాం, కొడుకు నిలబడి ఉండగానే! "మమ్ములను నమ్మవా, మేం స్విచ్చేసి నిన్ను సంపుతమా?" అని నేను తిట్టేదాన్ని. ఆయన జేబు తడుముకుని దిగేవాడు. ఊళ్లో ఇంకెవరూ అలా చేసేవాళ్లు కాదు.

ధర్మారంలో ఒక మంథని ఆవిడ ఎక్కి మా ముందు సీట్లో కూర్చుంది. లక్సెట్టిపేటలో పెళ్లికి పోతున్నదట. కాసేపు ఓపిక పట్టి, ఒడిలో ఏ దేవుడి పటమని అడిగింది. మా ఆయన అని చెప్పి, తువ్వాల తొలగించి చూపించాను. యుద్ధంలో వంతెనలు కూల్చిన సంగతి కూడా చెప్పాను. ఉన్నదానికి ఇంత కలిపే చెప్పాను.

"అయ్యో, పున్నెమూర్తి," అంటూ ఆమె పటాన్ని తాకి కళ్లకద్దుకుంది. నాకు గర్వంగా ఉండింది. సుజాత అవతలి వైపు కిటికీలోంచి దూరంగా చూస్తున్నది.

రాయపట్నం దగ్గర గోదావరి నిండుగా పారుతున్నది. ఎనిమిదిన్నర దాటాక లక్సెట్టిపేటలో దిగి, జొన్నరొట్టె, పుంటికూర తిన్నాం. ఇద్దరికీ కలిపి ఒక చాయ్ తీసుకుని రెండు గిలాసల్లో పోయించాను. ఉట్నూరు బస్సు తొమ్మిదింటికి దొరికింది. కండక్టరు చిన్నవాడు. పటం పైన సామాన్ల తడికెలో పెట్టమన్నాడు. మనిషిని పైన పడేస్తారా అన్నాను.

"మనిషైతే గాయనకు గూడ ఆధార్ కార్డు సూపెట్టు అవ్వా," అన్నాడు. బస్సులో నలుగురు నవ్వారు. నేను నవ్వలేదు.

జన్నారం దాటాక రెండు పక్కలా టేకు చెట్లే. అడవి గేటు దగ్గర బస్సు కాసేపు ఆగింది. వానలకు రోడ్డు అక్కడక్కడ కొట్టుకుపోయి, నడుములు విరిగేలా కుదుపులు. నడుము నొప్పి ఉన్నవాళ్లు వెనక సీట్లు పట్టుకోకండి. పదకొండున్నరకు ఉట్నూరులో దిగాం.

బస్టాండు ముందు ఆటో అబ్బాయిని అడిగితే, "మిలిటరీ చాచానా? గా ఇత్తనాల దుకాణం ఎనుకనే ఇల్లు," అని చేయి చూపించాడు. నడిచేంత దూరమే. రేకుల పందిరి కింద మంచం మీద ఒక పెద్దాయన కూర్చుని చాటలో పల్లికాయ ఒలుస్తున్నాడు. పొడుగాటి మనిషి, తెల్లటి గడ్డం. మల్లయ్య భార్యనని చెప్పగానే చాట పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. మల్లయ్య ఎలా ఉన్నాడని అడిగాడు. నేను తల అడ్డంగా తిప్పాను. ఆయన మళ్లీ మంచం మీద కూర్చుని, ఒలిచిన గింజల్ని చేత్తో అటూ ఇటూ నెట్టాడు. "నాకెవలు జెప్పలే భాభీ," అన్నాడు.

అప్పుడైనా నేను ఆగి ఉండాల్సింది. చావు కబురు విన్న మనిషికి గుక్కెడు నీళ్లు తాగే సందు ఇవ్వాల్సింది. కోడలి ముందు నెగ్గాలన్న తొందరలో తువ్వాల విప్పి పటం ఆయన చేతుల్లో పెట్టాను. మన మల్లయ్యే కదా భాయ్, మా కోడలికి చెప్పండి అన్నాను.

ఆయన అద్దాలు పెట్టుకుని చూశాడు. బొట్టు చూశాడు, దండ చూశాడు. లోపలికి తిరిగి భార్యను పిలిచాడు. మహబూబీ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, పటం చూసి, అక్కడే ఆగిపోయింది.

"గీ దండ ఎవలేసిన్రు?"

నేనే వేశానని, మా ఆయనదని చెప్పాను.

"గిది మీ ఆయన గాదు అక్కా. గీయన." భర్త భుజం మీద చెయ్యి వేసింది. "ఎన్నడేసిన్రు?"

నిరుడు పెత్రమాసకు ముందు అన్నాను. ఆమె గడప మీద కూలబడింది. నిరుడు చలికాలంలోనే ఆయనకు గుండెపోటు వచ్చి దవాఖానాలో పడుకోబెట్టారట. కూర్చున్నచోటనే నెమ్మదిగా చెప్పింది, నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. బతికి ఉన్న మనిషికి దండ వేసి, బొట్టు పెట్టి, పిండాకూడు పెట్టినట్టు పెట్టాను. మా ఇంట్లో ఎవరికైనా ఎవరైనా అలా చేస్తే వాళ్ల వాకిట్లో నిలబడి దుమ్మెత్తి పోసేదాన్ని.

అయినా నా నోరు ఆగలేదు. అంతదూరం వచ్చి తప్పొప్పుకోవడానికి మనసు రాలేదు. పెట్టె మీ చేతిలో ఎందుకుంది భాయ్, పిడి తన దగ్గరే ఉండేదని మా ఆయన చెప్పాడు కదా అని వాదించాను. ఆయన పాత ఫోటో ఏదైనా ఉందా అని అడిగాడు. సంచిలోంచి పోస్టుకార్డు ఫోటో తీసి ఇచ్చాను. దాన్ని చాటలో పల్లికాయ మీద పెట్టి, ఒక కాయతో ఒక్కొక్కటే చూపించాడు. తీగ చుట్ట మీద వంగినవాడు మదురై వైపు అబ్బాయి. అతని కాళ్ల దగ్గర రేకు డబ్బాలో ఉన్నవి మందుగుండును అంటించే చిన్న గొట్టాలు. పెట్టెకు పక్కన నేను పిడి అనుకున్నది, పెట్టెను భుజానికి వేసుకునే తోలు పట్టీ కొస.

"పిడి వెట్టే బెజ్జం ఖాళీగున్నది, సూడున్రి. పెట్టె కాడ నేను. పిడి నా కాడ లేదు."

ఎందుకు లేదని సుజాత అడిగింది. ఆ ఇంట్లో ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

"మందుగుండు కాడికి పోయి తీగలు కలిపేటోడు పిడి తన జేబుల ఏసుకొని పోవాలె బిడ్డా. అది మా కాడ ఖానూన్. ఆడు అక్కడున్నప్పుడు ఇక్కడ పెట్టె కాడున్నోడు పొరపాటున తిప్పినా, భయంతోని తిప్పినా, అంతే సంగతి. అందుకే ఆడు తిరిగొచ్చి పిడి చేతిల పెట్టేదాంక నేను ఉత్తగ కూసోవాలె. మల్లయ్య పోతుండె. ఎప్పుడూ మల్లయ్యనే పోతుండె."

సుజాత తన ఫోనులో ఆ ఫోటో తీసి, వేళ్లతో సాగదీసి, వీపు పెట్టి నడిచిపోతున్న మూడో మనిషిని చూపించింది. ప్యాంటు జేబులోంచి ఇనుప కడ్డీ కొస కొంచెం బయటికి ఉంది. టోపీ కింద రెండు పక్కలా చెవులు, చాట చెవులు, బయటికి ఉన్నాయి. ఆమె "చూసిన్రా" అనలేదు. ఫోను నా చేతికిచ్చింది.

నాకు బావి గట్టు గుర్తొచ్చింది. జేబు తడుముకుని దిగడం గుర్తొచ్చింది. నమ్మవా అని నలుగురిలో ఎన్నిసార్లు తిట్టానో గుర్తొచ్చింది. ఆయన నమ్మకపోవడం కాదు అది. చావు కాడికి పోయేటప్పుడు అలాగే పోవాలని నేర్చుకున్న మనిషి.

నేను లేచి, ముందు దండ తీసేశాను. బొట్టు కొంగుతో తుడిస్తే పోలేదు. నూనె కలిపి పెట్టిన నా తెలివి ఇప్పుడు నాకే అడ్డం వచ్చింది. నీళ్లు కావాలని అడిగాను. మహబూబీ చెంబు, కాస్త బూడిద తెచ్చి నా పక్కన పెట్టింది. పరాయి వాళ్ల వాకిట్లో ముసలిదాన్ని గొంతుక్కూర్చుని అద్దం తోమాను. కుంకుమ కరిగి అద్దమంతా ఎర్రగా పాకింది. పటం జారకుండా సుజాత రెండు చేతులా పట్టుకుంది. ఆమె మొహంలోకి చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆమె చేతి గాజులే చూస్తూ తోమాను.

ఖాజా భాయ్ మంచం మీదనుంచి, ఇక చాలు, పరేషాన్ కావద్దన్నాడు. తర్వాత పెత్రమాసకు ఏమేం పెట్టారని అడిగాడు. అన్నం, మాంసం పెట్టానన్నాను. కల్లు సంగతి దాస్తే అదొక తప్పవుతుందని, అదీ చెప్పాను.

ఆయన భార్య వంక ఓరగా చూశాడు. "మాంసం ముట్టింది, అందుకే దవాఖానకెళ్లి లేచొచ్చిన. కల్లు మాత్రం నా దాంక రాలే."

మహబూబీ మొహం తిప్పుకుంది, కానీ పెదవి కొస కదిలింది. ఆ తర్వాత అన్నం పెట్టింది. మేం సద్ది తెచ్చుకున్నామని అన్నాను. "నిరుడు మీరు నాకు పెట్టిన్రు, ఇయ్యాల మేం పెడ్తం, హిసాబ్ బరాబర్," అన్నాడు ఆయన. చింతపండు పప్పు, గుడ్డు కూర. బాగున్నాయి.

తన వయసు నాటి ఫోటో ఇంట్లో ఒక్కటీ లేదని, మనవళ్లు నమ్మడం లేదని చెప్పి, పటం ఉంచుకోవచ్చా అని ఆయన అడిగాడు. ముందు ఎండలో ఆరనీ, అన్నది మహబూబీ. గోడకు ఆనించి పెట్టింది. ఫ్రేము, అద్దం నావే. వాటి గురించి నేను నోరెత్తలేదు. ఎత్తితే మనిషినే కాదు. బయలుదేరేటప్పుడు ఆమె చేతులు పట్టుకుని క్షమించమని అడిగాను. ఆమె క్షమించానని అనలేదు. "గాయన కండ్ల ముంగట ఉన్నడు, గంతే చాలు. మీరు పైలంగ పోండ్రి," అన్నది. అంతకంటే ఏం అడగగలను.

మూడింటి బస్సు దొరికింది. ఎక్కగానే మంచి కిటికీ సీటు ఖాళీగా ఉంది. నేను నడవ పక్కన కూర్చుని సుజాతను అటు పొమ్మన్నాను.

"మీరు కూసోండ్రి అత్తమ్మా, మీకు గాలి గావాలె గదా."

"కూసోమన్న గదా," అన్నాను. మా ఇద్దరి మధ్య ఆ రోజు జరిగిన రాజీ అంతే. నువ్వు చెప్పిందే నిజమని నోటితో అనడానికి లక్సెట్టిపేట దాకా పట్టింది. అన్నప్పుడు బస్సు హారన్ మోగుతున్నది. విన్నదో లేదో తెలియదు, మళ్లీ అన్నాను. విన్నానని తల ఊపింది.

ఒడి ఖాళీగా ఉంది. తువ్వాల మడిచి సంచిలో పెట్టాను. పొద్దు కుంకే వేళకు రాయపట్నం వంతెన మీదికి వచ్చాం. ఈ వంతెన మీద మా ఆయనతో ఎన్నోసార్లు పోయాను. వంతెన వచ్చిందంటే మాట ఆపి, దాటేదాకా కిందికి చూసేవాడు. నదికి రూపాయి వేసి దండం పెట్టుకోక ఆ చూపేంటని గొణిగేదాన్ని. ఈసారి నేనూ కిందికి చూశాను. ఎర్రటి నీళ్లలో స్తంభాల నీడలు. అలాంటి స్తంభం కాడికి, జేబులో పిడి వేసుకుని, వెనక కూర్చున్నవాడు ఏం చేస్తాడోనని తిరిగి చూసే పని లేకుండా నడిచిపోయిన మనిషితో యాభై ఏళ్లు కాపురం చేశాను. ఆయన ఎవరో తెలుసుకోవడానికి ఉట్నూరు దాకా పోవాల్సి వచ్చింది.

ఉట్నూరు మంచి ఊరు. అడవి దారి చూడదగ్గది, వానలు వెలిశాక పోతే ఇంకా బాగుంటుంది. పోయేవాళ్లు పోండి. అయితే ఎవరి నోరో మూయించడానికి మాత్రం అంతదూరం పోకండి, ఖాళీ ఒడితో వస్తారు.

ఇల్లు చేరేసరికి వీధి దీపాలు వెలిగాయి. గోడ మీద పటం ఉన్నచోట తెల్లటి మచ్చ, దాని పైన సున్నా బల్బు అలాగే వెలుగుతున్నది. వీపు పెట్టి నడిచిపోయే ఫోటోనే పెద్దది చేయిద్దామన్నాను. మొహం లేని పటానికి దండ ఏంటని చుట్టాలు అంటారని సుజాత అన్నది. అననీ అన్నాను. ఈసారి నవ్వితే ఆ నవ్వు నేను పడతాను. ఆ బల్బు ముందు తీసేయాలని, బతికి ఉన్న మనిషి పేరున ఇంకొక్క ఘడియ కూడా అది వెలగొద్దని నాకు అనిపించింది. సుజాత స్టూలు వేసుకుని ఎక్కింది. హోల్డరు వైర్లు పాతవి, పైకి తేలి ఉన్నాయి. నేను మీటరు బోర్డు దగ్గరికి పోయి తెల్ల పింగాణీ ఫ్యూజు పీకాను. ఇల్లంతా చీకటైంది. ఫ్యూజును రొంటిన దోపుకుని, వచ్చి స్టూలు పట్టుకున్నాను.

"ఫ్యూజు యాడ వెట్టిన్రు అత్తమ్మా?" పైనుంచి అడిగింది.

"నా కాడనే ఉన్నది," అన్నాను. "నువ్వు దిగినంకనే పెడ్త."